స్కోపులోని గీతలు దూరాన్ని కొలవవు

పాలిటెక్నిక్‌లో సర్వే ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు రైఫిల్ స్కోపులోని రెటికల్, అంటే గురి గీతల అమరిక, కొత్త వస్తువేమీ కాదు. ఎత్తుల తేడా కొలిచే ఆటో లెవెల్‌కు కన్ను ఆనించగానే నడుమ అడ్డగీత, దానికి పైనా కిందా పొట్టి గీతలు కనిపిస్తాయి. పైగీత ఎదుట నిలబెట్టిన కొలతకర్ర (స్టాఫ్) మీద 1.620 దగ్గర, కిందిగీత 1.380 దగ్గర పడితే తేడా 0.240. దాన్ని వందతో గుణిస్తే స్టాఫ్ 24 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఉప్పల్‌లో సర్వే శిక్షణకు వచ్చేవాళ్లు మొదటి వారంలోనే నేర్చుకునే లెక్క ఇది. ఆ వంద ఎక్కడిదని అడిగితే మాత్రం చాలామంది 'అది పరికరం స్థిరాంకం' అని ఊరుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే, ఆ రెండు గీతల మధ్య ఎడం దూరంలో నూరో వంతు పొడవును కప్పేలా పరికరం తయారుచేసినవాళ్లే అమర్చారు. ఆ ఎడం ఒక కోణం. స్కోపుల భాషలో దాని విలువ సరిగ్గా 10 మిల్స్.

రెటికల్ కొలిచేది కోణాన్ని, అంతే. దూరం ఎంతో, వస్తువు ఎంత పెద్దదో దానికి తెలియదు. ఈ రెండింట్లో ఒకటి మనం చెబితే రెండోది అది చెబుతుంది. మనం చెప్పింది తప్పయితే ఆ తప్పును పైసా తగ్గించకుండా తిరిగిస్తుంది. స్కోపు కొన్నవాళ్లు పడే తికమకల్లో సగం దీన్ని మరిచిపోవడం వల్ల వచ్చేవే.

మిల్ అంటే మిల్లీరేడియన్, రేడియన్‌లో వెయ్యో వంతు. వెయ్యి మీటర్ల దూరాన ఒక మీటరు, వంద మీటర్ల దూరాన 10 సెంటీమీటర్లు, పది మీటర్ల దూరాన ఒక సెంటీమీటరు. దీన్నుంచి పుట్టే సూత్రం నోటి లెక్కంత తేలిక. వస్తువు ఎత్తును మిల్లీమీటర్లలో తీసుకుని రెటికల్ మీద కనిపించిన మిల్స్‌తో భాగిస్తే వచ్చేది మీటర్లలో దూరం. క్రికెట్ స్టంప్స్ ఎత్తు 28 అంగుళాలు, అంటే 711 మిల్లీమీటర్లు. మైదానం అంచు నుంచి చూస్తే అవి 10.2 మిల్స్ ఆక్రమించాయనుకుందాం. 711 ÷ 10.2 = 69.7 మీటర్లు. అంగుళాలు, గజాలు కలిపి రాసే పాత సూత్రాలు చాలా ఉన్నాయి గానీ మన దగ్గర వాటితో పని లేదు. మిల్లీమీటర్లు పైన, మిల్స్ కింద, జవాబు మీటర్లు.

టెలిస్కోపులో గీతలు పెట్టి కోణం కొలవడం తుపాకుల కంటే ముందు ఖగోళవేత్తల పని. 1640 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో విలియం గాస్కోయిన్ తన టెలిస్కోపులో సాలెపోగు కనిపించిన తీరు చూసి, కటకం ప్రతిబింబాన్ని ఏర్పరచే చోటనే దారం పెడితే దారమూ వస్తువూ రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తాయని గ్రహించాడు. నేటి స్కోపులన్నీ అదే సూత్రం మీద నడుస్తున్నాయి. ఈ విద్యకు హైదరాబాద్‌లోనూ పెద్ద చరిత్రే ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ప్రారంభించిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటలో స్థిరపడి, ఆకాశమంతటినీ ఫొటో పలకల మీదికి ఎక్కించే అంతర్జాతీయ పనిలో తన వాటా పూర్తిచేసింది. ఆ పలకల మీద 5 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున గళ్ల గీతలు ముద్రించేవారు. పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక ఆర్క్ మినిట్‌తో సమానం. అంటే బేగంపేటలో నక్షత్రాల స్థానాలు కొలిచినవాళ్లు వాడిన కొలతా, ఇప్పుడు స్కోపు పెట్టె మీద ఎంఓఏ అని అచ్చయ్యేదీ ఒకటే.

ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు. వంద మీటర్ల దూరాన అది 29.1 మిల్లీమీటర్లు. వంద గజాల దూరాన 1.047 అంగుళాలు కాబట్టి 'ఒక ఎంఓఏ అంటే ఒక అంగుళం' అనే మాట వాడుకలోకి వచ్చింది. ఒక మిల్ 3.438 ఎంఓఏలకు సమానం. రెండింట్లో ఏది మేలన్న వాదన పెద్దగా పనికొచ్చేది కాదు. చూడాల్సింది ఒకటే: రెటికల్, టరెట్ (గురిని సర్దే చక్రం, దాని ఒక్కో మెట్టు ఒక క్లిక్కు) రెండూ ఒకే కొలమానంలో ఉన్నాయా? తక్కువ ధరలో దొరికే స్కోపుల్లో రెటికల్ మీద మిల్ చుక్కలు, టరెట్ మీద పావు ఎంఓఏ క్లిక్కులు ఉండటం మామూలే. చూసింది 1 మిల్ తేడా అయితే తిప్పాల్సింది 13.75 క్లిక్కులు. రేంజ్‌లో కూర్చుని ప్రతిసారీ ఈ గుణకారం చేయడమంటే, కూరగాయల కొట్టులో కిలోల లెక్కన తూచి సేర్ల లెక్కన డబ్బు కట్టడం. 0.1 మిల్ క్లిక్కులున్న టరెట్, మిల్ రెటికల్ ఉంటే లెక్కే ఉండదు. గీత ఎంత చూపిస్తే టరెట్ అంతే తిప్పడం.

ఆ సౌకర్యం బాగా తెలిసేది జీరో చేసేటప్పుడు, అంటే గురిపెట్టిన చోటే గుండు తగిలేలా స్కోపును సర్దేటప్పుడు. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించి, ఒకే చోట గురిపెట్టి అయిదు గుళ్లు కాల్చాలి. వాటిలో దేనినో ఒకదాన్ని కాకుండా గుంపు మొత్తానికి నడుమ చోటును చూడాలి. మధ్య గీతను మళ్లీ గురి బిందువు మీద నిలిపి, గుంపు నడుమ చోటు రెటికల్ మీద ఎక్కడ పడిందో చదవాలి. ఎడమకు 0.8, కిందికి 1.2 ఉంటే టరెట్‌ను కుడికి 8, పైకి 12 క్లిక్కులు తిప్పాలి. స్కేలు అక్కర్లేదు, టార్గెట్ ఎంత దూరంలో ఉందో తెలియకపోయినా ఫర్వాలేదు. కోణంలో చూసిన తప్పును కోణంలోనే దిద్దుతున్నాం కదా. ఇంత సూటి దారి ఉండగా చాలామంది టార్గెట్ దాకా నడిచివెళ్లి టేపుతో సెంటీమీటర్లు కొలిచి, వాటిని క్లిక్కుల్లోకి మార్చబోయి తప్పు చేస్తారు. 'నాలుగు క్లిక్కులకు అంగుళం' అనే మాటను 25 మీటర్ల దగ్గర వాడటం ఆ తప్పుల్లో ముందు వరస. పావు ఎంఓఏ క్లిక్కు 25 మీటర్లకు కదిపేది 1.8 మిల్లీమీటర్లే కాబట్టి అక్కడ అంగుళానికి 14 క్లిక్కులు కావాలి. నాలుగే తిప్పి, గుండు కదల్లేదేమని స్కోపును తిట్టుకోవడం పరిపాటి.

టరెట్ మీది బాణం గుర్తు గుండు తగిలే చోటు ఎటు కదులుతుందో చెబుతుంది, గీత ఎటు కదులుతుందో కాదు. గుండు కిందికి పడుతుంటే 'అప్' వైపు తిప్పాలి.

కొలతకు ముందు స్కోపును మన కంటికి సరిచేసుకోవాలి. కన్ను దగ్గరి వైపున ఉండే డయాప్టర్ రింగు రెటికల్ స్పష్టత కోసం. తెల్లగోడ వైపో, సూర్యుడు లేని దిక్కున ఆకాశం వైపో స్కోపు తిప్పి, రెండు మూడు క్షణాలు చూసి కళ్లు మరల్చాలి. అంతకంటే ఎక్కువసేపు చూస్తే కన్ను తనంతట తానే సర్దుకుని, మసక గీతను కూడా నిక్కచ్చి గీతలా చూపిస్తుంది. గీత తొలిచూపులోనే పదునుగా కనిపించేవరకు రింగును తిప్పి, అక్కడ ఒక గుర్తు పెట్టుకోవాలి. వస్తువు మసకగా ఉందని ఈ రింగును తిప్పడం పెద్ద తప్పు. దానికి వేరే సర్దుబాటు ఉంది.

ఆ వేరే సర్దుబాటు ప్యారలాక్స్. వస్తువు ప్రతిబింబం, రెటికల్ ఒకే తలం మీద లేకపోతే కన్ను పక్కకు జరిపినప్పుడల్లా గీత వస్తువు మీద జారుతుంది. ఆర్టీసీ బస్సులో పక్క సీటులోంచి చూస్తే డ్రైవర్ ముందున్న స్పీడు ముల్లు వేరే అంకె మీద ఉన్నట్టు కనిపించడం ఇలాంటిదే. 40 మిల్లీమీటర్ల ముందు కటకం ఉన్న స్కోపును కంపెనీవాళ్లు వంద గజాలకు బిగించి అమ్మితే, దాన్ని 20 మీటర్ల టార్గెట్‌కు వాడినప్పుడు కన్ను పూర్తిగా అంచుకు వెళ్లిన చోట గురి తప్పు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు. గురి చూసేవాడి చేతిలో ఏ లోపమూ లేకుండానే ఇంత. సర్దుబాటు చక్రం ఉంటే దాని మీది అంకెల్ని నమ్మకుండా, తల కొంచెం పైకీ కిందికీ ఆడించి గీత కదలని చోట ఆపాలి. చక్రం లేకపోతే కన్నును ప్రతిసారీ ఒకేచోట పెట్టడం తప్ప దారి లేదు.

తర్వాతి సంగతి అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది. రెటికల్ ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో ఉందా, సెకండ్ ఫోకల్ ప్లేన్‌లోనా? మొదటిదైతే మాగ్నిఫికేషన్ పెంచినకొద్దీ గీతలూ పెద్దవవుతాయి కాబట్టి మిల్ ఎప్పుడూ మిల్లే. రెండోదైతే గీతలు ఒకే పరిమాణంలో ఉంటాయి, వస్తువు మాత్రం పెద్దదీ చిన్నదీ అవుతుంది. గీతల విలువ ఒకే ఒక్క మాగ్నిఫికేషన్ దగ్గర నిజం. సాధారణంగా అది గరిష్ఠం. కొన్నిట్లో 10 దగ్గర ఉంటుంది. 6–24 స్కోపు 24 దగ్గర సరైనదైతే, 12 దగ్గర గీతల మీద 2 మిల్స్‌గా కనిపించినది నిజానికి 4 మిల్స్. మీటరు ఎత్తున్న బోర్డు ఆ సెట్టింగులో 2 గుర్తులు ఆక్రమిస్తే మనం 500 మీటర్లంటాం. అది ఉన్నది 250లో.

పెట్టె మీద రాసింది నమ్మక్కర్లేదు, పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. టార్గెట్ బోర్డు మీద మీటరు స్కేలును నిలువుగా అంటించి, స్కోపు నుంచి బోర్డుకు సరిగ్గా 50 మీటర్లు ఉక్కు టేపుతో కొలవాలి. 10 మిల్స్ 50 సెంటీమీటర్లను కప్పాలి. మాగ్నిఫికేషన్ తిప్పుతూ ఎక్కడ సరిపోతుందో చూసి, ఆ చోట రింగు మీద తెల్లపెయింటు చుక్క పెట్టుకుంటే సరి. గజాలను మీటర్లనుకుంటే 8.6 శాతం తేడా వస్తుంది. మంచి స్కోపును చెడ్డదని తేల్చేయడానికి అది చాలు. అదే బోర్డు ముందు లంబ సూత్రం (బరువు కట్టిన దారం) వేలాడదీసి, స్కోపును కదలకుండా బిగించి, టరెట్‌ను 10 మిల్స్ తిప్పితే మధ్య గీత దారం వెంటే 50 సెంటీమీటర్లు పోవాలి. పోయిన దూరం 49 అయితే టరెట్ 2 శాతం తక్కువ తిరుగుతోంది. ఇక దారం నుంచి పక్కకు జరిగితే స్కోపు వంకరగా బిగించారు. ఒక్క డిగ్రీ వంకరకు 50 సెంటీమీటర్ల ప్రయాణంలో 9 మిల్లీమీటర్ల పక్కదారి.

నగరంలో సాధన చేయాలంటే తుపాకీ మీదున్న స్కోపును ఏ భవనం వైపూ ఎత్తకూడదు. ఖాళీ తుపాకీ అయినా సరే. స్కోపును విప్పి ట్రైపాడ్ మీద పెట్టుకోవాలి, లేదా మిల్ స్కేలున్న 7×50 బైనాక్యులర్ వాడాలి. తెలిసిన ఎత్తులకు ఈ ఊరిలో కొదవ లేదు. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం 125 అడుగులు, అంటే 38.1 మీటర్లు. దాని కింద పీఠం మరో 50 అడుగులు. విగ్రహం పాదాల నుంచి తల దాకా 25 మిల్స్ ఉంటే 38,100 ÷ 25 = 1,524 మీటర్లు. చూసేవాడు పీఠం అడుగు నుంచి కొలిచి 35 మిల్స్ అని చదివి, ఎత్తు మాత్రం 125 అడుగులే వేస్తే వచ్చేది 1,089. గీత సరిగ్గానే చదివాడు, భాగహారమూ సరిగ్గానే చేశాడు, జవాబు 435 మీటర్లు తప్పు. వస్తువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోకుండా చేసిన కొలతలన్నీ ఇంతే. చెట్ల వెనక సగం దాగిన ప్రహరీ గోడలు, గడ్డిలో మునిగిన స్తంభాలు ఈ రకం ఉచ్చులు.

రెండో ఉచ్చు గోల్కొండ ఎక్కినవాళ్లకు. బాలాహిస్సార్ మీద నుంచి కిందికి చూసి నిలువు స్తంభాన్ని కొలిస్తే అది ఉన్నదానికంటే పొట్టిగా కనిపిస్తుంది. చూపు 30 డిగ్రీలు వాలితే ఎత్తులో 87 శాతమే కంటికి దక్కుతుంది, దూరం 15 శాతం ఎక్కువ వస్తుంది. అలాంటి చోట ఎత్తును వదిలి వెడల్పును కొలవాలి. మనకు అడ్డంగా నిలిచిన వస్తువు వెడల్పుకు చూపు వాలు అంటదు.

ఇక గీత చదవడం. అర మీటరు బోర్డు 250 మీటర్ల దగ్గర 2 మిల్స్. దాన్ని 1.9 అని చదివితే 263, 2.1 అంటే 238. అదే బోర్డు 500 మీటర్ల దగ్గర 1 మిల్. అక్కడ 0.9కు 556 మీటర్లు, 1.1కు 455. చదవడంలో ఒకటే పదో వంతు తేడా, జవాబులో పాతిక మీటర్ల ఊగిసలాట కాస్తా వంద అయింది. అందువల్ల దూరంగా ఉన్న చిన్న వస్తువును పట్టుకుని కుస్తీ పట్టేకంటే దాని పక్కనున్న పెద్ద వస్తువును కొలవడం తెలివి. రెటికల్ గీతకు కూడా మందం ఉంటుంది. గీత పైఅంచును వస్తువు అడుగుకు ఆనిస్తే, తల దగ్గర కూడా గీత పైఅంచునే చదవాలి. పాత మిల్ చుక్కల రెటికల్స్‌లో చుక్క సైజు కూడా లెక్కలోదే. అమెరికా మెరైన్ల నమూనా చుక్క పొడవు పావు మిల్. చుక్క నడుమ నుంచి నడుమకు 1 మిల్ కాబట్టి చుక్కల మధ్య ఖాళీ ముప్పావు మిల్లే. ఖాళీని మిల్ అనుకున్నవాళ్లు చాలామంది.

మే నెలలో పదకొండు గంటలు దాటాక ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. బండరాళ్లు, తారురోడ్లు వేడెక్కి గాలి ఎండమావిలా మరుగుతుంటే వస్తువు అంచే అల్లల్లాడుతుంది, ఇక 0.1 మిల్ ఎక్కడ చదువుతాం? మాగ్నిఫికేషన్ పెంచితే ఆ ఆటా పెరుగుతుంది. తగ్గించి చూడాలి, ఉదయం ఏడింటికైతే ఇంకా నయం.

గురి పెట్టడానికి వద్దాం. గచ్చిబౌలి రేంజ్‌లో 10 మీటర్లు, 50 మీటర్ల రైఫిల్ పోటీలకు సాధన చేసేవాళ్ల దగ్గర ఈ గీతలు కనిపించవు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనలు ఆ పోటీల్లో టెలిస్కోపు సైట్లను ఒప్పుకోవు. వాళ్లు గుండ్రని రంధ్రాల సైట్లతోనే చూస్తారు. హోల్డోవర్, అంటే మధ్య గీతకు బదులు వేరే గుర్తును టార్గెట్ మీద పెట్టడం, అవసరం పడేది దూరం మారుతూ ఉండే ఆటల్లో, ముఖ్యంగా ఎయిర్ రైఫిల్‌తో లోహపు టార్గెట్లు పడగొట్టే ఫీల్డ్ టార్గెట్ లాంటివాటిలో.

ఉదాహరణకు 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్, బరువు అర గ్రాము పైచిలుకు, వేగం సెకనుకు 240 మీటర్లు. స్కోపు నడుమ గొట్టానికి 4.5 సెంటీమీటర్లు పైన ఉంది, జీరో 25 మీటర్ల దగ్గర చేశారు. స్థూలంగా లెక్కిస్తే 20 నుంచి 30 మీటర్ల మధ్య తేడా పావు మిల్‌లోపే, గురి పెట్టిన చోటే తగులుతుంది. 40 మీటర్లకు 1 మిల్, 50 మీటర్లకు 2.2 మిల్స్ కిందికి పోతుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. ఊహించనిది 10 మీటర్ల దగ్గర. అక్కడ కూడా 1.2 మిల్స్ కిందికే పోతుంది, 40 మీటర్ల కంటే ఎక్కువ. కారణం భూమ్యాకర్షణ కాదు. పెల్లెట్ గొట్టంలోంచి వచ్చేటప్పుడే చూపు రేఖకు నాలుగున్నర సెంటీమీటర్లు కింద ఉంది, పది మీటర్లలో ఇంకా పైకి రాలేదు. దగ్గరి డబ్బా కదా అని సూటిగా గురిపెట్టి తప్పిపోయేవాళ్ల తప్పు చేతిలో లేదు, స్కోపు రింగుల ఎత్తులో ఉంది.

రెండు మిల్స్ కిందికి పోతుందంటే మధ్య గీతకు రెండు మిల్స్ కింద ఉన్న గుర్తును టార్గెట్ మీద పెట్టాలి. గుర్తు కిందిది, తుపాకీ లేచేది పైకి. గాలికీ అంతే. గంటకు 10 కిలోమీటర్ల అడ్డగాలి ఈ పెల్లెట్‌ను 25 మీటర్ల దగ్గర 1 మిల్‌కు కాస్త తక్కువగా, 50 మీటర్ల దగ్గర 2 మిల్స్ దరిదాపుగా పక్కకు నెడుతుంది. సెంటీమీటర్లలో చూస్తే దూరం రెట్టింపైతే తోపు నాలుగింతలు. కోణంలో రెండింతలే. గాలి ఎడమ నుంచి వీస్తే పెల్లెట్ కుడికి పోతుంది, కాబట్టి కుడివైపు గుర్తును టార్గెట్ మీద పెట్టాలి. తుపాకీ పక్కకు వాలితే ఈ లెక్కలన్నీ కలిసి వంకరపోతాయి. 10 మిల్స్ సవరణ వాడుతూ 3 డిగ్రీలు వాల్చితే అర మిల్ పక్కకు పోతుంది. స్కోపు మీద చిన్న నీటిమట్టం బిగించుకోవడం అందుకే.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు సాధారణ స్కోపు బిగిస్తే ఇంకో తిప్పలు. పిస్టన్ ముందుకు దూసుకెళ్లి ఆగేటప్పుడు తుపాకీ వెనక్కి తన్ని వెంటనే ముందుకు గుంజుతుంది. మామూలు స్కోపుల్లో కటకాలు, రెటికల్ వెనక్కి తన్నే దెబ్బకు తట్టుకునేలా మాత్రమే బిగించి ఉంటాయి. కొన్ని వందల గుళ్ల తర్వాత జీరో రోజుకో చోటికి జారడం మొదలైతే ముందు రింగుల స్క్రూలు చూడాలి. అవి బిగుతుగానే ఉంటే లోపల ఏదో వదులైంది, ఎంత తిప్పినా జీరో నిలవదు.

పైన చెప్పిన మిల్ అంకెలు ఆ ఒక్క ఉదాహరణకే. పెల్లెట్ బ్రాండు మారినా, రింగులు మార్చినా మళ్లీ కాల్చి చూసి రాసుకోవాల్సిందే. అయిదు మీటర్లకు ఒకసారి చొప్పున 10 నుంచి 50 దాకా కాల్చి, ప్రతి దూరానికి మిల్స్ రాసిన చీటీని తుపాకీ మడమ మీద అంటించుకుంటారు. చీటీ మీద దూరాలు, మిల్స్‌తో పాటు పెల్లెట్ పేరు, జీరో దూరం, సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోపైతే మాగ్నిఫికేషన్ కూడా ఉండాలి. 24 దగ్గర రాసుకున్న 2.2ను 12 దగ్గర వాడితే తుపాకీ లేచేది 4.4 మిల్స్, 50 మీటర్ల టార్గెట్‌కు 11 సెంటీమీటర్లు పైన.